ఎండిన గరిక

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలంటారు. నెల్లూరు తీరవాసులమైన మాకు ఆ సామెతకు వ్యాఖ్యానం అక్కరలేదు. పడమటి గాలి బలంగా వీచినంతసేపు సముద్రపు గాలి లోనికి రాదు. అలలు సమీపంలోనే ఉన్నా నేల నిప్పులు చెరుగుతుంది.

2023 వేసవిలో మా కళాశాల ఆటస్థలంలోని గరిక ఆ ఎండకు చిక్కింది. మొదట ఆకు నీలిబూడిద రంగుకు తిరిగింది. నడిచినచోట అడుగుజాడ చెరగకుండా నిలిచింది. పచ్చిక దాహానికి అవే తొలి గుర్తులని మేము గ్రహించలేదు. ప్రతి మధ్యాహ్నం పైపైన నీళ్లు చిలకరించాము. ఆ తడి వేరును చేరకమునుపే ఆవిరయ్యేది. ఇంతలో బోరు నీరు ఉప్పన కాసాగింది. గేటు వద్ద బిందెల వరుస పెరిగింది. లారీలతో నీరు తెప్పించి పచ్చిక కాపాడుదామని కమిటీ పెద్దలు కొందరన్నారు. మేమూ తలలూపాము.

అప్పుడు తోటమాలి అన్నాడు: "గరిక చావదు అయ్యవారూ, నిద్రపోతా ఉండాది. తొక్కకుండా ఉంటే చాలు."

మేము గ్రంథాలు తిరగవేస్తే అతని మాటకే సాక్ష్యం దొరికింది. గోల్ఫు క్రీడ పెరిగినది స్కాట్లండు తీరపు ఇసుక నేలలలో. అచ్చటి గడ్డికి 15 నుండి 24 డిగ్రీల వేడిమి హితం. ఎండ ముదిరితే అది తయారుచేసుకొనే ఆహారంకన్న శ్వాసకు వ్యయమయ్యేదే అధికం. నిల్వ తరిగి వేళ్లు నశిస్తాయి. 1829లో కలకత్తాలో గోల్ఫు క్లబ్బు వెలిసింది. ఉష్ణదేశాల మైదానాలకు ఆధారమైన బెర్ముడా గడ్డి మరేదో కాదు, వినాయకుని పూజకు మన పొరుగువారు కోసుకొనే గరికయే. 27 నుండి 35 డిగ్రీలు దానికి సుఖం. నీరు కరవైతే ఆకును ఎండనిచ్చి, భూమిలోని కాండంలో ప్రాణం దాచుకుంటుంది.

లారీల ఆలోచన విరమించాము. బోరు నీరు బిందెలకే విడిచాము. గడ్డి కోత ఆపి మైదానం మూసివేశాము. ప్రవహించే నదీతీరాన ఉన్నా వజూ నీటిని వృథా చేయరాదన్నది మా ధర్మబోధ. ఆ వజూ నీటినే ఒక మూలకు కాలువ తీసి మళ్లించాము. వారానికొకమారు తెల్లవారుజామున అక్కడ మాత్రం లోతుగా తడిపాము.

చెదురుమదురు జల్లులకు అక్కడక్కడ చిగుళ్లు కనిపించాయి. డిసెంబరు 5న బాపట్ల సమీపాన తీరం దాటిన మిచాంగ్ తుఫాను మన జిల్లాను ముంచెత్తి ఎందరినో కష్టపెట్టింది. నీరు తీసిన కొన్నాళ్లకు మైదానమంతా పచ్చబడింది.

ఒక్కచోట తప్ప. క్యాంటీనుకు అడ్డదారిగా వేసవి అంతా నడిచిన సన్నని బాట నేటికీ బట్టతలవలె ఉన్నది. ఆ బాట వేసినది విద్యార్థులు కారు, అధ్యాపకులమైన మేమే. వచ్చే వేసవిలో గరిక మరల ఎండుతుంది. అప్పుడు నీటికై కమిటీవారిని తొందరపెట్టబోము; చుట్టుదారినే నడుస్తాము. విద్యార్థులూ మా వెంట నడువవలెనని కోరిక.