పాలలో పులుపెంత?

పులుపును గుర్తించడం నాలుకకు తెలుసు. ఎంత పులుపో చెప్పడం దానికి చేతకాదు. "కొంచెం పులిశాయి" అని ఇద్దరంటే ఆ 'కొంచెం' ఇద్దరికీ ఒకటి కాదు. ఈ సందేహాన్ని తీర్చేందుకు రసాయన శాస్త్రంలో అంశమాపనం అనే పద్ధతి ఉన్నది. అందులో వాడే పిపెట్టు, బ్యూరెట్టులకు ఆ పేర్లను 1824లో ప్రచారంలోకి తెచ్చినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త గే-లుసాక్.

మైలవరంలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఇది నాకు పరీక్షలో వచ్చే లెక్క మాత్రమే. ఒక వేసవి ఉదయం మా వీథి చివరి మామ్మ పోసిన పాలను వాసన చూసి, పులిశాయని తిప్పి పంపారు. ఆ ఇంటికి గేదె పాడే ఆధారం. "ముక్కుతోనే తేల్చేశారు అబ్బాయీ! మీ కాలేజీలో దీనికి లెక్కేమీ లేదా?" అని ఆమె అడిగింది.

మా అధ్యాపకుల అనుమతితో ఆ ఉదయమే పరీక్షించాము. 10 మి.లీ. పాలను పిపెట్టుతో కుప్పెలోకి తీసి, ఫినాఫ్తలీన్ సూచికను కలిపి, బ్యూరెట్టు నుండి 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడును చుక్కచుక్కగా వదిలాము. లేత గులాబి రంగు నిలిచేసరికి 1.5 మి.లీ. ఖర్చయింది. ఆమ్లం ఘనపరిమాణాన్ని దాని నార్మాలిటీతో హెచ్చిస్తే వచ్చేదీ, క్షారానికి అట్లే హెచ్చిస్తే వచ్చేదీ సమానం. కాబట్టి పాల ఆమ్లత 1.5 × 0.1 ÷ 10, అనగా 0.015 నార్మల్. లాక్టిక్ ఆమ్లం తుల్యభారం 90. ఆ లెక్కన లీటరుకు 1.35 గ్రాములు, అంటే సుమారు 0.135 శాతం.

తాజా పాలలోని ప్రొటీన్లు, ఫాస్ఫేట్ల వల్ల ఈపాటి ఆమ్లత సహజంగానే ఉంటుంది. అది 0.2 శాతం దాటితే పాలు కాచినప్పుడు విరిగే ప్రమాదముంది. పైగా పాలలో పులుపు కాలంతో పెరుగుతుందే గాని తరగదు. కనుక వాసన చూసిన వేళకు ఆ పాలు మంచివే.

ఆనాటి పాల సొమ్ము మామ్మకు రాలేదు. అయినా తన పాలు మంచివని చెప్పే అంకె ఒకటి ఆమెకు దొరికింది. ఆ కాగితాన్ని చాలాకాలం దాచుకొన్నది.

నేడు ప్రయోగశాలలో కావలసిన జవాబు కోసం బ్యూరెట్టు అంకెను దిద్దే విద్యార్థి, రేపు పాలనో నీటినో పరీక్షించే బల్ల దగ్గర కూర్చోవచ్చు. అక్కడ దిద్దిన అంకె ఒకరి కూడును తీసివేస్తుంది. చూసిన అంకెను చూసినట్లే రాయడం చదువు మనకు నేర్పవలసిన మొదటి న్యాయం.