రెండు సుగ్గులు

పిల్లలూ, ముంబాయి నుంచి చెన్నైకి పోయే పెద్ద రైలు మార్గంలో, రాయచూరుకూ గుంతకల్లుకూ మధ్య ఆదోని అనే ఊరు ఉన్నది. కర్నూలు జిల్లాకు పడమటి కొసన ఉన్న ఊరది. పాత పుస్తకాలలో దీని పేరు ఆదవాని. 2024 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన కొద్ది రోజులకు, నేను ఆ ఊళ్లో రైలు దిగాను. నా సంచిలో ఒక ఉత్తరం ఉన్నది. దుబాయిలో ఒక కంపెనీ వారు నాకు ఉద్యోగం ఇస్తామంటూ రాసిన ఉత్తరం అది. వెళ్లాలో మానాలో తేల్చుకోలేక, మా అక్కను అడుగుదామని వచ్చాను.

ఆదోనిలో ముందుగా కంటపడేవి కొండలు. పెద్ద పెద్ద గుండ్లను ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. వాటి మీద పాత కోట గోడలు కనిపిస్తాయి. విజయనగర రాజుల కాలంలో ఇది గట్టి కోట. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరం ఓడిపోయిన తరవాత, కోట బిజాపూరు సుల్తానుల చేతికి వచ్చింది. వారి కాలంలో సిద్ది మసూద్ ఖాన్ ఇక్కడ పాలించాడు. ఊళ్లో ఉన్న పెద్ద జామియా మసీదు ఆ 17వ శతాబ్దం నాటిదే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. అందుచేత ఇక్కడి బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. ఒకే మనిషి మూడింటిలోనూ బేరం చేయటం నేను చూశాను.

అక్క ఉత్తరం చదివి, "జీతం బాగానే ఉందిరా. పిల్లల్ని ఏ బడిలో వేస్తావు?" అన్నది.

"అది అక్కడికి వెళ్లాక చూసుకోవచ్చులే," అన్నాను.

అక్క ఇంకేమీ అనలేదు. "ఎమ్మిగనూరు వెళ్లి పెదనాన్నను కూడా అడుగు. నీలకంఠేశ్వరుడి జాతర జరుగుతున్నది, అదీ చూసినట్టవుతుంది," అన్నది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు సుమారు 30 కిలోమీటర్లు. అక్కడికి రైలు లేదు, బస్సులో వెళ్లాలి. జాతర రోజులు కావటంతో బస్సు కిటకిటలాడుతున్నది. ఎలాగో కిటికీ పక్కన చోటు దొరికింది. దారికి రెండు పక్కలా నల్లరేగడి భూములు. ఈ నేల వాననీటిని చాలాకాలం తనలో దాచుకుంటుంది. అందుకే ఇక్కడ పత్తి బాగా పండుతుంది, ఆదోని పత్తి మార్కెట్టుకు అంత పేరు. కాని దాచుకోవటానికి ముందు వాన పడాలి కదా! నైరుతి మేఘాలు అరేబియా సముద్రం మీదినుంచి వస్తూ, పడమటి కనుమలను ఎక్కేటప్పుడే తమ నీటిలో చాలా భాగం కురిసేస్తాయి. కనుమలు దాటి ఇవతలికి వచ్చేసరికి వాటిలో నీరు తక్కువ. తుంగభద్ర ఆనకట్ట నుంచి వచ్చే దిగువ కాలువ కొన్ని ఊళ్లకు నీరిస్తుంది. కాలువ అందని ఊళ్లకు ఆకాశమే దిక్కు. 2023లో వానలు సరిగా పడలేదు. జనవరికే చేలు బోసిగా ఉన్నాయి.

నా పక్కన ఒక రైతు తన ఇద్దరు పిల్లలతో కూర్చున్నాడు. పాప ఏడో తరగతి, బాబు మూడో తరగతి.

"జాతరకా?" అని అడిగాను.

"అవును సార్. సుగ్గికి పోయే ముందర పిల్లోళ్లకు తేరు చూపిద్దామని," అన్నాడాయన.

సుగ్గి అంటే కన్నడంలో పంట కోతల కాలం. అది పండుగ మాట, సంబరం మాట. కాని ఈ పడమటి ఊళ్లలో "సుగ్గికి పోవటం" అంటే ఇల్లు తాళం వేసి, పని కోసం పరాయి జిల్లాకు పోవటం. గుంటూరు వైపు మిరప చేలకు ఎక్కువగా పోతారు. మిరపకాయలు ఒక్కసారిగా పండవు. పండినవి పండినట్టు ఏరుకుంటూ, ఒకే చేనును మళ్లీ మళ్లీ కోయాలి. అదంతా చేత్తో చేసే పని. అందుచేత జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ ఎంతమంది వచ్చినా పని ఉంటుంది. అక్కడి పంట కాలం ఇక్కడి వారికి సుగ్గి అయింది.

ఆయన తన సంగతి చెప్పాడు. మేస్త్రి వచ్చి 20,000 రూపాయలు బయానా ఇచ్చి పోయాడు. లారీ నాలుగు రోజుల్లో బయలుదేరుతుంది. చేను గట్టున పట్టలు కప్పిన గుడిసె వేసుకుని ఉండాలి. ఎన్ని చేతులుంటే అన్ని కాయలు, ఎన్ని కాయలుంటే అంత కూలి.

"పిల్లోళ్లను తోడుకొని పోవల్లా, ఇడిసి పోవల్లా, అదే తెగడం లేదు సార్. పాప వస్తే కాయలు గూడా ఏరుతాది, వంట గూడా చూస్తాది," అన్నాడు.

పాప ఏమీ అనకుండా సంచిలోంచి నోటు పుస్తకం తీసి, వెనక పేజీ నాకు చూపించింది. అందులో లెక్క రాసి ఉన్నది:

అమ్మానాయనలకు రోజుకు 800 వస్తే, 75 రోజులకు 60,000.
బయానా పోను 40,000.
తిండి ఖర్చు 15,000 పోను 25,000.
నేను కూడా పోతే ఇంకో 10,000.
ఏడో తరగతి ...

ఆ చివరి వరసకు ఎదురుగా అంకె లేదు.

"దీనికి ఎంత వేయల్ల సార్?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. లెక్కలలో ఎక్కడా తప్పు లేదు. పాప వెళితే ఇంటికి పదివేలు ఎక్కువ వస్తుంది, అది నిజం. వార్షిక పరీక్షలు ఏప్రిల్‌లో జరుగుతాయి. సుగ్గి ముగిసేదీ అప్పుడే. పాప వెళితే పరీక్షలు పోతాయి, అదీ నిజం. ఒకటి రూపాయలలో ఉన్నది, రెండోది లేదు.

అప్పుడు నాకు నా ఉత్తరం గుర్తుకు వచ్చింది. నేను కూడా లెక్క వేసుకున్నాను. జీతం ఎన్ని దిర్హాములు, ఇంటి అద్దె ఎంత, నెలకు ఎంత మిగులుతుంది అని పైసలతో సహా వేశాను. పిల్లల బడి దగ్గర మాత్రం నేనూ అంకె వేయలేదు. పాప ఎంత వేయాలో తెలియక వదిలింది. నేను అసలు ఆ వరసే రాయలేదు.

ఆ మాట ఆయనకు చెప్పి, ఉత్తరం చూపించాను. ఆయన నవ్వాడు. "అయితే మీది దుబాయి సుగ్గి, మాది గుంటూరు సుగ్గి," అన్నాడు.

"మీ ఇద్దరు పిల్లలు అక్కడి బళ్లో చేరవచ్చు కదా?" అని అడిగాను.

ఈసారి పాపే చెప్పింది. వాళ్ల సారు చెప్పారట. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను ఏ ఊరి ప్రభుత్వ బడి అయినా చేర్చుకోవాలి. బదిలీ సర్టిఫికెట్ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. ఒకే రాష్ట్రం కనుక అక్కడా ఇవే వాచకాలు. "కాని సార్, చేను దగ్గర నుంచి బడి శానా దూరం. ఒక చేను అయిపోతే ఇంకో ఊరి చేనికి పోతారు. ఎన్ని బళ్లలో చేరల్ల?" అన్నది. పక్క వీధిలో ఆమె స్నేహితురాలు కన్నడం బడిలో చదువుతున్నది. గుంటూరు పల్లెలో ఆ పాపకు కన్నడం బడి ఎక్కడ దొరుకుతుంది?

మరొక దారి కూడా ఉన్నది. వలస పోయే వారి పిల్లల కోసం ఈ మండలాలలో సీజనల్ హాస్టళ్లు నడుపుతూ వచ్చారు. తల్లిదండ్రులు తిరిగి వచ్చేదాకా పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకుని, తమ బడిలోనే చదువుకుంటారు. అయితే హాస్టలు అన్ని ఊళ్లలోనూ ఉండదు. ఉన్నచోట కూడా లారీ కదిలే ముందే తెరవాలి. లారీ వెళ్లిన పది రోజులకు తెరిస్తే, పిల్లలు అప్పటికే మిరప చేలో ఉంటారు.

"పక్క ఊర్లో తెరుస్తారంట. చిన్నోణ్ణి వాళ్లవ్వ దగ్గర పెట్టి, పాపను ఆడ పెడదామా అని చూస్తాండా. కాని పాపను ఇడిసి వాళ్లమ్మ ఉండలేదు సార్," అన్నాడాయన మెల్లిగా. పాప కిటికీ వైపు చూసింది. మిగతా దారి అంతా ఇద్దరూ మాట్లాడలేదు. బస్సు దిగేటప్పుడు ఆయన ఫోను నంబరు తీసుకున్నాను.

పెదనాన్న ఇల్లు నేతగాళ్ల వీధిలో ఉన్నది. ఆయన తండ్రి ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘంలో నేసేవాడు. 1938లో మాచాని సోమప్పగారు ఈ సంఘాన్ని నెలకొల్పారు. విడివిడిగా ఉంటే నేతగాడు నూలు అప్పు తెచ్చుకోవాలి, బట్టను వచ్చిన ధరకు అమ్ముకోవాలి. సంఘంలో చేరితే నూలు సంఘమే ఇస్తుంది, బట్ట సంఘమే అమ్మిపెడుతుంది. నేతగాడు తన ఇంట్లోనే కూర్చుని నేసుకుంటాడు.

"మా నాయన ఏ ఊరికీ పోలేదు. అందుకే నేను ఒకే బడిలో చదివినాను," అన్నాడు పెదనాన్న. "ఇంటి కాడ పని ఉంటే ఈ లెక్కే అక్కరలేదు. ఇప్పుడు మగ్గాలు తగ్గిపోయినాయి, అందరూ పోవలసినవాళ్లే. పొమ్మనే చెప్తాను. కాని బడి తేల్చుకున్నాకే పో."

ఆ రాత్రి జాతరలో తిరిగి వచ్చి, నేను మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది కంపెనీకి. పిల్లల ఫీజులో భాగం ఇస్తారా అనీ, పిల్లల పరీక్షలు అయిన తరవాత చేరవచ్చా అనీ అడిగాను. మిగతావి దుబాయిలోని రెండు భారతీయ బళ్లకు. అక్కడ మన పాఠ్యక్రమం చెప్పే బళ్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో పాతదైన ఇండియన్ హైస్కూలు 1961లో మొదలైంది. ఈ బళ్లలో చదువు మన దగ్గరలాగా ఏప్రిల్‌లో ఆరంభమవుతుంది కనుక సంవత్సరం పోదు. అరబ్బీ కొత్తగా నేర్చుకోవాలి. బదిలీ సర్టిఫికెట్ మీద అధికారుల ముద్రలు వేయించాలి. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. కేంద్ర బోర్డు వారు తొమ్మిదో తరగతిలోనే పిల్లల పేర్లు నమోదు చేస్తారు, పదిలో బడి మారటం కష్టం. అంటే వాడు మారితే ఇప్పుడు మారాలి, లేకపోతే పది అయ్యేదాకా ఆగాలి. ఇంత సంగతి ఉన్నదని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

కొన్ని గల్ఫు దేశాలలో జీతం ఇంత ఉంటే తప్ప కుటుంబాన్ని తెచ్చుకోనివ్వరు. అక్కడ ఇళ్లు కట్టే కూలీలు, వంటవాళ్లు చాలామంది పిల్లలను ఊళ్లో వదిలే వెళ్లారు. వారికి ఏ బడి అని ఎంచుకునే అవకాశమే లేదు. నాకు ఉన్నది. ఉండి కూడా దాన్ని లెక్కలో వేయకపోవటం నా తప్పే.

మే నెలలో ఒక ఆదివారం ఆ రైతుకు ఫోను చేశాను. పాప ఎత్తింది. హాస్టలు లారీ కదిలిన రెండో రోజు తెరిచారట. ఆ రెండు రోజులూ అవ్వ దగ్గర ఉండి, తరవాత హాస్టలుకు వెళ్లింది. మొదటి వారం ఏడ్చిందట. అమ్మ రోజూ రాత్రి ఫోను చేసేదట. పరీక్షలన్నీ రాసింది.

"ఎనిమిదికి పోతాండా సార్. నాయన అప్పు మాత్రం ఇంకా కొంచెం మిగిలింది," అన్నది. తరవాత, "మీ పిల్లోళ్లు యా బడిలో చేరినారు?" అని అడిగింది.

"చిన్నదానికి సీటు దొరికింది. పెద్దవాడికి ఇంకా రాలేదు. కంపెనీ వారు సగం ఫీజు ఇస్తామన్నారు, కాని సీటు వచ్చేదాకా ఆగమని నేనే చెప్పాను," అన్నాను.

"అయితే మీరింకా పోలేదా?"

"లేదు, పాపా."

"మంచిపని చేసినారు సార్," అన్నది ఆ ఏడో తరగతి పిల్ల, పెద్ద ఆరిందాలాగా.