పద్దులో లేని పుస్తకాలు

మా నాన్నగారు పోయిన ఏడాదికి ఆయన పుస్తకాలన్నీ ఇంట్లోంచి పంపేశాను. పంపేశాను అంటున్నాను గాని, వదిలించుకున్నాను అనడమే నిజం. బ్యాంకు ఉద్యోగికి మూడేళ్ళకో బదిలీ. రెండు బీరువాల తెలుగు పుస్తకాలు తమిళనాట అద్దె ఇళ్ళ వెంట మోసుకు తిరగడం నావల్ల కాలేదు. మా ఊళ్ళో ఉన్న విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇస్తే భద్రంగా ఉంటాయని నాకు నేనే నచ్చజెప్పుకుని, ఎనిమిది గోనెసంచుల్లో కుక్కి, సామాను ఆటోలో దింపి, రసీదు పుచ్చుకున్నాను. రసీదు మీద "పుస్తకాలు, 8 సంచులు" అని ఉంది. అప్పు కాగితాల్లో ఒక్క సంతకం తగ్గితే ఫైలు వెనక్కి పంపే మనిషిని, ఆ రసీదు చూసి మాత్రం ఏమీ అనలేదు.

పన్నెండేళ్ళు గడిచాయి. రిటైర్మెంటు దగ్గరపడుతుండగా ఆ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న మా శాఖకే బదిలీ అయింది. ఒక మధ్యాహ్నం భోజనం కాగానే గ్రంథాలయానికి వెళ్ళాను. నాన్నగారు ప్రాణంగా చూసుకున్న శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథల కోసం కంప్యూటరులో వెతికాను. లేవు. మరో నాలుగు పేర్లు కొట్టాను. అవీ లేవు.

అక్కడి సహాయ గ్రంథాలయాధికారిణిని అడిగాను. తమిళావిడ, నలభై దాటిన మనిషి. నా గొంతు కాస్త పెరిగిందనుకుంటాను. ఆవిడ మాట్లాడకుండా నన్ను వెనక గదికి తీసుకుపోయింది. గోడ వారగా మా సంచులు! అయిదింటికి మూతి కూడా విప్పలేదు.

"మాలో తెలుగు చదవగలిగేవాళ్ళు లేరు సార్. ఇచ్చినవాళ్ళు జాబితా ఇవ్వలేదు. ఏ పుస్తకమో తెలియకుండా రిజిస్టరులో ఏమని ఎక్కించను?" అంది.

ఇచ్చినవాణ్ణి నేనేనని చెప్పడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

ఏ ఖాతాకు చెందుతుందో తెలియని సొమ్మును మేము బ్యాంకులో సస్పెన్సు ఖాతాలో వేస్తాం. ఆ సొమ్ము ఎక్కడికీ పోదు, కాని ఎవరికీ అందదు. నాన్నగారి పుస్తకాల గతి అదే అయింది. పైగా వేసవిలో గ్రంథాలయాన్ని కొత్త భవనంలోకి మారుస్తారట. పద్దులో ఉన్నవే అక్కడికి వెళతాయి. లేనివాటి సంగతి కమిటీ తేలుస్తుంది. కమిటీలు ఎలా తేలుస్తాయో నాకు తెలియనిది కాదు.

రెండో శనివారం, నాలుగో శనివారం మాకు సెలవు. ఆ రోజుల్లో వచ్చి కూర్చుంటానన్నాను. ఆవిడ తన సెలవు మానుకుని వచ్చేది. అలా అయిదు నెలలు.

గ్రంథాలయాధికారి పని అంటే పుస్తకం మీద ముద్ర వేసి ఇవ్వడమనే అంతవరకు నా అభిప్రాయం. అది ఎంత పొరపాటో అక్కడ తెలిసింది. విప్పిన మూడు సంచుల్లోవి అంతకుముందు ఎవరో గుణింతం కూడబలుక్కుని ఎక్కించారు. మూడు పుస్తకాలకు "ద్వితీయ ముద్రణ" అని పేరు పెట్టారు! నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "ఆ మూడూ ఇక ఎవరికీ దొరకవు సార్" అంది.

రచయితల పేర్లు ఇంకో చిక్కు. శ్రీపాద వారిని "శాస్త్రి" కింద వేశారు. చివరి మాటే ఇంటిపేరన్నది ఇంగ్లీషు వాళ్ళ అలవాటు. తమిళుల్లో తండ్రి పేరు పొడి అక్షరమై ముందుంటుంది. మనకేమో ఇంటిపేరే ముందు. ఈ తేడా తెలియకపోతే మన రచయితల్లో సగంమంది రావుల గుంపులోనూ శాస్త్రుల గుంపులోనూ కలిసిపోతారు. ప్రాంతీయ భాషల పుస్తకాలు పద్దుల్లో ఎక్కడెక్కడ తప్పిపోతున్నాయన్నదే ఆవిడ పరిశోధన. నేను సరిదిద్దిన ప్రతి తప్పునూ ఒక నోటుబుక్కులో రాసుకునేది.

డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యం అంకె 894.827, తమిళానిది 894.811. చూశారా, అరలో కూడా మనం ఇరుగుపొరుగులమే!

ఆవిడ మాటల్లో ఎస్.ఆర్. రంగనాథన్ గారు తరచు వచ్చేవారు. లెక్కల మేష్టారుగా ఉన్న ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి గ్రంథాలయాధికారి అయ్యారు. మొదట ఆ పని రుచించక మళ్ళీ కాలేజీకి పోతానన్నారట. లండన్ వెళ్ళి అక్కడి గ్రంథాలయాలు చూసి వచ్చాక జీవితమంతా దీనికే ధారపోశారు. 1931లో అచ్చయిన ఆయన అయిదు సూత్రాల్లో మూడోది, ఏ పుస్తకానికైనా ఎక్కడో ఒక పాఠకుడు ఉంటాడనీ, వాణ్ణి దానితో కలపడమే గ్రంథాలయం పని అనీ చెబుతుంది. ఎదురుగా గోనెసంచులు పెట్టుకుని ఆ మాట వినడం నాకు కష్టంగానే ఉండింది.

ఒక రాత్రి మా ఇంట్లో పాత ట్రంకు పెట్టె వెతికితే నాన్నగారి లెక్కల పుస్తకం దొరికింది. పుస్తకం పేరు, రచయిత, కొన్న ఊరు, వెల, అన్నీ వరుసగా ఆయన దస్తూరీలో. మొత్తం 391. నేను సంచులతోపాటు ఇవ్వవలసిన జాబితా పన్నెండేళ్ళు నా ఇంట్లోనే ఉంది. సంచులు విప్పితే 352 తేలాయి. మిగిలిన 39 ఉన్న సంచిని చెదలు తినేశాయి. ఆ తప్పు గ్రంథాలయం మీద వెయ్యడానికి నాకు నోరు రాలేదు.

వేసవిలో 352 పుస్తకాలూ కొత్త భవనానికి చేరాయి. ఇప్పుడు కంప్యూటరులో తెలుగు లిపిలోనే పేరు కొట్టి వెతకవచ్చు. మొన్న ఆవిడ మా కౌంటరు దగ్గరికి వచ్చి, "ఒకటి ఇష్యూ అయింది సార్" అంది. మన తెలుగు ఇంటి పిల్లేనట. తమిళ మీడియంలో చదివి, సొంతంగా తెలుగు అక్షరాలు నేర్చుకుందట. ఏ పుస్తకమని అడగబోయి ఊరుకున్నాను. బ్యాంకువాణ్ణి కదా, ఒకరి ఖాతా సంగతి మరొకరు అడగకూడదు.

మనలో చాలామంది ఇళ్ళల్లో ఇటువంటి బీరువాలున్నాయి. చదివే పిల్లలు లేక రేపోమాపో ఏదో గ్రంథాలయానికి ఇస్తాం. ఇవ్వడం మంచిదే. కాని ఇచ్చేముందు ఒక ఆదివారం కూర్చుని జాబితా రాయండి. రచయిత ఇంటిపేరు ఏదో, అసలు పేరు ఏదో విడదీసి రాయండి. అచ్చయిన ఏడు వేయండి. తెలుగులో ఒకసారి, మీ ఊరి భాషలో ఒకసారి రాయండి. వీలైతే ఒకసారి వెళ్ళి సంచి విప్పారో లేదో చూసి రండి. నేను చెయ్యనిది అదే.