సుగ్గికి పోయే సీమ

ఆదోని కోటకొండ ఎక్కి చూశాను. కనుచూపుమేరా నల్లరేగడి చేలే. పత్తి వ్యాపారానికి పేరుమోసిన పట్నం ఇది. కాని ఆ పత్తి ఏరిన కుటుంబాలే సంక్రాంతి దాటగానే మూటాముల్లె సర్దుకుని గుంటూరు మిరపచేలకు తరలిపోతాయి. దీన్ని ఇక్కడివారు ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికి వచ్చే కాలం. ఈ సీమలో ఆ మాటకు వలస అనే అర్థం స్థిరపడింది. కోత ఉన్నది, చేను మాత్రం పరాయిది!

ఆ నెలల్లో కోసిగి వైపు పల్లెల్లో వరుసగా తాళాలు వేసిన ఇళ్ళు, అరుగులమీద ముసలివాళ్ళు. పిల్లలూ వెంట వెళితే చదువు సగంలో ఆగిపోతుంది. వాళ్ళకోసం సర్కారు సీజనల్ హాస్టళ్ళు తెరిచింది. అయినా తల్లిని విడిచి ఉండలేని పసివాళ్ళు చేలగట్లకే చేరుతున్నారు.

దీనికి మూలం వానమీద బతికే సేద్యం. 1876–78 కరువులో ఈ ప్రాంతం అల్లాడింది. 1953లో తుంగభద్ర ఆనకట్ట వచ్చినా నీళ్ళు అన్ని ఊళ్ళకూ అందలేదు.

ఎమ్మిగనూరు కథ వేరు. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేతవారికి సహకార సంఘం నెలకొల్పారు. మగ్గం ఉన్న ఇంట్లోనే కూడు దొరికింది. నేడు ఆ సందడి తగ్గింది గాని, పని ఇంటికి వస్తే మనిషి ఊరు విడువడని ఆ ఊరు చూపింది. సుగ్గికి వెళ్ళే తల్లులు కోరేదీ అంతే: బిడ్డ బడి ఉన్న ఊళ్ళోనే పని.