కుసి కుదిరితేనే ఇల్లు



మా నాన్నగారి పెంకుటిల్లు విప్పించినప్పుడు ఆరు టేకు స్తంభాలు, దూలాలు, వాసాలు చెక్కుచెదరకుండా దొరికాయి. అన్నయ్య హైదరాబాదులో, తమ్ముడు విశాఖపట్నంలో ఉంటారు. మేము ఊళ్లోనే సేవలో ఉన్నాం. తలా రెండు స్తంభాలు పంచుకుని అమ్మేద్దామన్న మాట వచ్చింది. టేకుకు మంచి ధర ఉంది, అన్నయ్యకు అప్పూ ఉంది. అమ్మ మాత్రం, "స్తంభాలు పంచుకోండిరా, మరి నా మనవలు సెలవులకు ఏ గడపకు వస్తారు?" అని అడిగింది. ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం.

ఆ కలపతోనే మామిడి తోటలో సెలవుల ఇల్లు కట్టాలనుకున్నాం. పొడవు 24 అడుగులు, వెడల్పు 14, ముందు అమ్మ మంచం పట్టేంత వరండా. ఈ కొలతలు మేమే గీసుకున్నాం. వడ్రంగి మేస్త్రి వాటికి రెండు మార్పులు చెప్పాడు. స్తంభాలను మట్టిలో పాతితే చెమ్మ, చెద పడతాయి కనుక రాతి దిమ్మల మీద నిలపమన్నాడు. స్తంభానికీ దూలానికీ మధ్య మూలల్లో ఏటవాలు కర్రలు వేయమన్నాడు. నలుచదరం గాలికి ఒరుగుతుంది, ముక్కోణం ఒరగదు. మనది తుఫాన్ల ప్రాంతం కదా!

దూలం కొసను సన్నగా చెక్కి కుసి తీస్తారు. అది దూరేటంత బెజ్జం స్తంభంలో తొలుస్తారు. రెంటినీ కలిపి అడ్డంగా కర్ర చీల దిగ్గొడతారు. కుసిలోని రంధ్రాన్ని ఒక నూలు దూలం వైపుకు జరిపి వేస్తారు. అందువల్ల చీల దిగేకొద్దీ దూలం స్తంభంలోకి బిగుసుకుంటుంది. అన్నీ నేలమీదే చెక్కి గుర్తులు పెట్టుకున్నాక, సంఘ యౌవనస్థులు ఒక్కరోజులో చట్రం నిలబెట్టారు.

నిర్గమకాండము 26వ అధ్యాయం తీసి చూడండి. ప్రత్యక్ష గుడారానికి తుమ్మకర్ర పలకలు 48. ప్రతి పలకకు రెండు కుసులు, వాటి కింద వెండి దిమ్మలు. ఎడారిలో విప్పి, మోసి, మళ్లీ నిలబెట్టిన మందిరం అది.

గమనించండి, కుసి కుదరాలంటే రెండు కర్రలకూ కోత తప్పదు. దూలం సన్నబడాలి, స్తంభం గుల్లవ్వాలి. ఏదీ ఒప్పుకోకపోతే అవి పక్కపక్కన పడి ఉన్న కలపే తప్ప ఇల్లు కాదు. అన్నయ్య అమ్మకం మానుకున్నాడు. తమ్ముడు కూలి ఖర్చులు పెట్టుకున్నాడు. మేము తోటలో మా వాటా నేల ఇచ్చాం. అన్నయ్య అప్పు ఇంకా తీరలేదు. నెలనెలా ముగ్గురమూ కలిసి కడుతున్నాం.

ప్రియులారా, మీ ఇంట్లో పంపకాల మాట నడుస్తోందా? సంతకం పెట్టేముందు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకచోట కూర్చోండి. నాకేం వస్తుందని కాక, నేనేం తగ్గించుకోగలనని ఒక్కొక్కరూ చెప్పండి. పెద్దవాళ్లను కూడా అడగండి.

దేవుడు మీ ఇళ్లను స్థిరపరచును గాక. ఆమేన్.