ఓటమిని చదవడం నేర్పిన గురువు

ఓడి ఇంటికి వచ్చిన పిల్లవానితో మనం పలికే మొదటి మాట చాలాకాలం అతని వెంట ఉంటుంది. "చదువు మాని ఆటలేమిటి?" అంటే, ఇక మీదట అతడు ఆట సంగతి ఇంట్లో చెప్పడమే మానేస్తాడు.

రాజమహేంద్రవరంలో మా చిన్నవాడు చదివే కళాశాల ఫుట్‌బాల్ జట్టు రెండేళ్లపాటు ఒక్క ఆటా గెలవలేదు. మా గోదావరి ప్రాంతంలో క్రికెట్‌కున్న ఆదరణ ఈ ఆటకు లేదు. వానలు పడితే మైదానమంతా బురదే; బంతి ముందుకు కదలదు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి, ఇక మాన్పిద్దామని ఇంట్లో కొందరు అన్నారు. ఆ ఏడాదికి ఆగి చూద్దామని నిర్ణయించుకున్నాము.

అప్పుడే కొత్త శిక్షకులు వచ్చారు. మొదటి వారం ఆయన పిల్లలను బంతి ముట్టనివ్వలేదు. అంతకుముందు పడిన గోల్స్ ఎలా పడ్డాయో ఒక్కొక్కరిచేత రాయించారు. ఎవరి పేరూ రాయకూడదు, జరిగింది మాత్రమే రాయాలి అన్నది ఆయన నియమం. మా వాడి నోటుపుస్తకంలో ఆ పుటలు చూసినప్పుడు మాకు సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తుకు వచ్చారు.

హైదరాబాదుకు చెందిన రహీం సాహెబ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951 ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. మన ఆటగాళ్లలో చాలామంది ఆనాడు వట్టి కాళ్లతోనే ఆడారు. రహీం సాహెబ్ మాత్రం పని ఆపలేదు. బంతిని తన వద్దే ఉంచుకోకుండా తోటివారికి అందించే అలవాటు కోసం, బలహీనమైన కాలికి బలం చేకూర్చడం కోసం ప్రత్యేక పోటీలు నడిపారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం పొందింది.

1962 జకార్తా ఆసియా క్రీడలలో మన జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. తరువాత థాయ్‌లాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాహెబ్ ఆయనను ముందు వరుసలో నిలిపారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో అదే కొరియాపై 2-1తో గెలిచాము. ఒక గోల్ పీ.కే. బెనర్జీది, మరొకటి జర్నైల్ సింగ్‌ది. ఆ మరుసటి ఏడాది జూన్ 11న రహీం సాహెబ్ కేన్సర్‌తో కన్నుమూశారు.

మా పిల్లల కథలో అంతటి విజయాలు లేవు. నాలుగైదు గోల్స్ తేడాతో ఓడే జట్టు ఒక గోల్ తేడాకు వచ్చింది. సంవత్సరాంతానికి రెండు ఆటలు గెలిచింది. మా వాడు ఇప్పుడు ఓడిన రోజున కూడా భోజనానికి కూర్చుని, ఎక్కడ పొరబడ్డారో తానే వివరిస్తాడు. లెక్కల పరీక్షలో మార్కులు తగ్గినప్పుడూ తప్పిన లెక్కలన్నీ వరుసగా రాసుకున్నాడు.

సంతానం మన చేతికి అప్పగించబడిన అమానతు. ఓడి వచ్చిన బిడ్డను "ఎందుకు ఓడావు?" అని నిలదీయడం మాని, "ఏం జరిగింది, చెప్పు నాయనా" అని పక్కన కూర్చోబెట్టుకుందాం.