పుటకు పదిహేను రూపాయలు

మా ఊరు పెద్దకొడప్‌గల్. తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ ఒకే బజారులో భుజాలు రాసుకు తిరిగే మూల. మొన్నమొన్నటి దాకా నిజామాబాదు జిల్లా. 2016 నుంచి కామారెడ్డి జిల్లా. ఇక్కడివాళ్ళకు పాత కాగితాలతో పనేముంటుందని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

ఒకనాటి సాయంకాలం నా పూర్వ విద్యార్థిని ఒకతె మా ఇంటికి వచ్చింది. తల్లి బీడీలు చుట్టి చదివించిన పిల్ల. ఇప్పుడు తెలంగాణలో గ్రంథాలయోద్యమం మీద పరిశోధన చేస్తోంది. ఒక ఉత్తరం నా చేతికిచ్చి, గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడింది.

ఒక పాత గ్రంథాలయం రాసిన ఉత్తరం అది. ఏ ఊరిదో చెప్పను. వెనుకటి పత్రికల్లో ఆ పిల్లకు కావలసినవి 200 పుటలు. పుటకు 15 రూపాయల చొప్పున 3000 రూపాయలు ముందుగా పంపితే నకళ్ళు ఇస్తారట.

"బజార్ల జిరాక్సు రెండు రూపాయలే గద సార్. ఇన్ని పైసలు ఎక్కణ్ణుంచి తేవాలె?" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. తెలుగు మేష్టరుకు కోపం వస్తే ముందుగా భాష గ్రాంథికమవుతుంది. విద్యావిక్రయము మహాపాతకమని మొదలుపెట్టి, సమాచార హక్కు చట్టం దాకా వచ్చాను. ఆ చట్టం కింద కేంద్ర ప్రభుత్వ కార్యాలయమే మామూలు సైజు కాగితానికి 2 రూపాయలు పుచ్చుకుంటుంటే, వీళ్ళకు పదిహేనెందుకని కేకలు వేశాను. మా ఆవిడ టీ గ్లాసులు బల్ల మీద పెట్టి, "ఆ కేకలేవో అక్కడికే వెళ్ళి వెయ్యరాదూ? ఇక్కడ వినేవాళ్ళం ఇద్దరమే" అంది.

పౌరుషం వచ్చింది. సెలవు చూసుకుని, పిట్లం, బాన్సువాడల మీదుగా బస్సులో కామారెడ్డి చేరి, అక్కడ రైలెక్కాను.

గ్రంథాలయమంటే ఒక పాత పెంకుటిల్లు. దాన్ని కనిపెట్టుకుని ఉన్నది డెబ్బై దాటిన పెద్దాయన. నేను దారి పొడుగునా కూర్చుకున్న వాక్యాలన్నీ వినిపించాను. ఆయన మారుమాట్లాడకుండా బీరువా తెరిచి ఒక సంపుటం నా ముందుంచి, "తిప్పండి సార్" అన్నాడు. పుట తిప్పేసరికి అంచు అప్పడంలా విరిగి నా వేళ్ళ మధ్యకు వచ్చింది. సిగ్గుతో ఆ ముక్క ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"దీన్ని జిరాక్సు యంత్రం మీద బోర్లించి నొక్కితే వెన్ను విరుగుతుంది. పక్క సంపుటం ఇద్దరికి అలాగే చేయించి ఇచ్చాం. మూడో ఆయన వచ్చేసరికి పుస్తకం మిగల్లేదు" అన్నాడు.

ఇప్పుడు ఒక కుర్రవాడు కెమెరాతో ఒక్కొక్క పుటకే ఫొటో తీస్తాడట. వాడికి కూలి ఇవ్వాలి. కరెంటు బిల్లు కట్టాలి. వానాకాలంలో పెంకులు సర్దించాలి. చందాదారులా, ఏటేటా తగ్గిపోతున్నారు. ఆయన లెక్కల పుస్తకం నా ముందుకు తోశాడు. చూడాలనిపించలేదు.

"అసలు సంగతి చెబుతాను. వెనుక ఒక పెద్దమనిషి వచ్చి వందల పుటలు ఉచితంగా తీసుకుపోయాడు. పుస్తకం వేసి అమ్ముకున్నాడు. మా పేరు ఎక్కడా చెప్పలేదు, ఒక్క ప్రతి పంపలేదు. ఆ పదిహేను రూపాయలూ ఆయన మీద కోపంతో పెట్టినవి. పాపం, మీ పిల్ల కట్టవలసి వస్తోంది."

ఇద్దరం కాసేపు మౌనంగా కూర్చున్నాం.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. నకలు ఏనాడూ ఉత్తినే రాలేదు. తాటాకుల మీద గంటంతో రాసిన లేఖకులు గ్రంథం చివర తమ నడుము, మెడ ఎలా విరిగాయో చెప్పుకుని, ఈ పుస్తకాన్ని భద్రంగా చూసుకోండని వేడుకునేవారు. 1817లో మద్రాసులో దిగిన సి.పి. బ్రౌను కడప బంగళాలో పండితులనూ లేఖకులనూ కూర్చోబెట్టి, తన చేతి డబ్బుతో జీతాలిచ్చి తెలుగు కావ్యాలకు ప్రతులు రాయించాడు. ఆ ఖర్చు ఆయన భరించకపోతే మా తెలుగు మేష్టర్లకు చెప్పుకోవడానికి ఎన్ని గ్రంథాలు తక్కువయ్యేవో! కాబట్టి ఖర్చు ఉన్నదా అన్నది ప్రశ్న కాదు. ఎవరు పెట్టుకోవాలన్నదే ప్రశ్న.

నకలు తీసుకునేవాడు ఎప్పుడూ యాచకుడే అనుకోవడం కూడా పొరపాటు. 2000 ఆగస్టులో హైదరాబాదును వరద ముంచెత్తినప్పుడు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని అపురూపమైన ఉర్దూ గ్రంథాలు నీళ్ళపాలయ్యాయి. అటువంటి రోజున, మరో చోట ఉన్న నకలే అసలవుతుంది. నకలిచ్చినవాడు తన సొత్తునే ఇంకొకరి ఇంట దాచుకున్నట్టు.

మనందరం ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. అది ప్రభుత్వ గ్రంథాలయాలకు. నలుగురు చందాలు వేసుకుని నిలబెట్టిన ఇలాంటి ఇళ్ళకు దానిలోంచి ఒక పెంకు అయినా అందితే, పెద్దాయన పరిశోధక విద్యార్థి ముందు చేయి చాచవలసిన అవసరం ఉండదు. అందేదాకా ఏం చేయాలి?

ఆ మధ్యాహ్నం మేమిద్దరం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. పుస్తకం వేసి అమ్ముకునేవారు పుటకు పదిహేనూ కట్టాలి, గ్రంథాలయం పేరు చెప్పాలి, ఒక ప్రతి పంపాలి. విద్యార్థి స్వయంగా వస్తే, పెద్దాయన కళ్ళెదుట, ఫ్లాషు వెయ్యకుండా, తన ఫోనులో ఫొటోలు తీసుకోవచ్చు. రుసుము లేదు. బదులుగా, చూసిన సంపుటాలకు విషయసూచిక రాసి ఇవ్వాలి. మా పిల్ల వారం రోజులుండి, ఒక నోటుబుక్కు నిండా సూచిక రాసి ఇచ్చి వచ్చింది. ఇన్నేళ్ళుగా తన దగ్గరేమున్నదో తనకే తెలియదని పెద్దాయన ఫోను చేసి సంబరపడ్డాడు.

ఈ విజయగాథ ఇంట్లో రెండోసారి చెబుతుంటే మా ఆవిడ అడ్డుపడింది. "మరి అటక మీది మూట సంగతేమిటి?"

గతుక్కుమన్నాను. మా తాతగారు పట్వారీ. ఉర్దూలో కొన్ని, మోడీలో కొన్ని, ఆయన దఫ్తరపు కాగితాలు మూటగట్టి అటక మీద ఉన్నాయి. మూడేళ్ళ కిందట ఒక కుర్రవాడు ఊరి చరిత్ర రాస్తానని వచ్చి, ఫొటోలు తీసుకుంటానని బతిమాలాడు. తర్వాత చూద్దాంలే అన్నాను. చదవడం నాకూ రాదు. ఏముందో తెలియని వస్తువు ఇంకొకడి చేతికివ్వడానికి మనసొప్పలేదు.

"ఆయన పదిహేను రూపాయలన్నా అడిగాడు. మీరు అదీ అడగలేదు, మూటా విప్పలేదు" అంది.

ఆ రాత్రే నిచ్చెన వేసి మూట దించాను. పైన సగం బాగానే ఉంది. అడుగున సగం చెదలు తిని, చేత్తో ఎత్తబోతే మట్టిలా రాలిపోయింది. మూడేళ్ళ కిందట అది కాగితమే అయి ఉంటుంది. ఎవరి భూమి తగాదా పోయిందో, ఏ కరువు లెక్క పోయిందో!

మర్నాడు ఆ కుర్రవాడి నంబరు వెతికి ఫోను చేశాను. వచ్చే ఆదివారం వస్తానన్నాడు. కాస్త ఆగి, "సార్, ఏమైనా ఇవ్వాల్నా?" అని అడిగాడు.

"ఒక నకలు నాకూ ఇయ్యి నాయనా. భోజనం మా ఇంట్లోనే" అన్నాను.